షెడ్డుకు గడప

మనిషి పోయిన ఇంట్లోకి అడుగుపెడితే ముందు ఆ మనిషి ముఖం చూడాలి. నేను ముందు పైకప్పు చూశాను. ఆ రోజు నేను చేసిన తప్పు అది.

మా బావ చనిపోయాడని కబురు తెలిసి శాలిబండ నుంచి ఫలక్‌నుమాకు ఆటోలో వెళ్ళాను. దారి పొడవునా ఆయన గురించే ఆలోచించాను. ఏడుపు కూడా వచ్చింది. తీరా లోపలికి వెళ్ళాక, చాప మీద పడుకోబెట్టిన ఆయనను దాటుకుని నా కళ్ళు పైకి పోయాయి. రేకుల కింద ఎర్రటి, పసుప్పచ్చటి షామియానా గుడ్డ బిగించి ఉంది. వెలిసిపోయింది కానీ అదే గుడ్డ. చుట్టూ చూశాను. చాలా ఇరుకు గది. అయినా పదిమంది వస్తే ఎవరు ఎక్కడ కూర్చోవాలో అన్నీ అమర్చి ఉన్నాయి. 'ఇక్కడ కూడా చేసుకున్నాడు' అనుకున్నాను. శవం ముందు నిలబడి ఆ మనిషి మీద కుళ్ళుకున్నాను.

మా అక్క నన్ను చూసింది. నేను ఎటు చూస్తున్నానో కూడా చూసింది.

మా బావది టెంట్ హౌస్ పని. పెండ్లికి, చావుకు, వినాయకుడి మండపానికి షామియానాలు, మడత కుర్చీలు, జంపకానాలు కిరాయికి ఇచ్చేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు తల ఎత్తి కప్పు చూసేవాడు, ఆ తర్వాతే నమస్తే. జేబులో ఎప్పుడూ ఒక సుతిలి తాడు ఉండ ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతికి అందిన గుడ్డనల్లా మడతపెట్టేవాడు. మా ఇంటికి భోజనానికి వచ్చి లేచేసరికి తువ్వాలు, దుప్పటి, ఒకసారి మా ఆవిడ కుట్టుకోవడానికి తీసిపెట్టిన జాకెట్టు గుడ్డ, అన్నీ మడతల్లో ఉండేవి. ఎవరికైనా కుర్చీ వేస్తే ముందు సీటును అరచేత్తో అదిమి చూసేవాడు. మడత కుర్చీ సరిగా బిగుసుకోకపోతే కూర్చునేవాళ్ళ వేళ్ళు నలుగుతాయి. ఆ అలవాటు చెక్క కుర్చీ దగ్గరా పోలేదు, మంచం దగ్గరా పోలేదు. అదిమి, "ఆఁ, కూసో" అనేవాడు. ఆ "ఆఁ" వినపడ్డాక గానీ ఎవరమూ కూర్చునేవాళ్ళం కాదు.

"జాగ పెద్దదా చిన్నదా అని సూడొద్దు. మనుషులు ఏడ కూసుంటరో అది సూడాలె. మిగిలిందంత దాని ఎన్కనే వస్తది" అనేవాడు.

తొంభైలలో, పెండ్లిళ్ళ సీజను నడుమ ఆయన గోదాముకు నిప్పంటుకుంది. కొన్ని గుడ్డలు, కొన్ని వెదురు గుంజలు, కాలీకాలని కుర్చీలు మిగిలాయి. కిరాయి ఇల్లు వదిలేసి అక్కా బావా మా ఇంటికి వచ్చారు. వాళ్ళకు పిల్లలు లేరు. మేడమీది గది ఇద్దామన్నాడు మా బాపు.

మా ఇల్లు అంతకుముందు ఎవరో డాక్టరుది. పాల వ్యాపారంలో కూడబెట్టుకుని బాపు కొన్నాడు. ఇంటికి ఆనుకుని డాక్టరు కట్టించుకున్న మోటరు షెడ్డు ఉంది. సందువైపు షట్టరు, మా హాల్లోకి ఒక తలుపు. మాకు కారు లేదు. అందులో తుప్పుపట్టిన పాల క్యాన్లు, విరిగిన మంచాలు, నా స్కూటరు ఉండేవి.

"మీది గది పిల్ల సదువుకు కావాలె బాపూ," అన్నాను నేను. "షెడ్డు ఖాళీగనే ఉన్నది గద."

నా బిడ్డ అప్పుడు ఒకటో తరగతి. అక్క తల వంచుకుంది. బావ మాత్రం అప్పటికే హాలు తలుపు తీసి షెడ్డు కప్పు చూస్తున్నాడు.

"షెడ్డే మంచిది మామా," అన్నాడు బాపుతో. "గుంజలు పెట్టనీకె ఎత్తున్నది."

తక్కువ చేయాలని నేను ఇచ్చిన దాన్ని ఆయన ఏదో దొరికినట్టు తీసుకున్నాడు. నాకు మొదటి మంట అక్కడే పుట్టింది.

ఆ షెడ్డు మనుషుల కోసం కట్టింది కాదు. కారు కడిగిన నీళ్ళు బయటికి పోవాలని నేలంతా షట్టరు వైపు వాలుగా ఉండేది. మంచం వేస్తే పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి కాళ్ళవైపు జారిపోయేవారు. నడిమధ్యలో, కారు కిందికి దిగి రిపేరు చేయడానికి తవ్విన గుంత. ఆయిలు తాగి తాగి నేల నల్లబడింది. ఆ వాసన అన్నంలో కూడా వస్తోందని అక్క మొదటివారం సరిగా తినలేదు.

బావ రంపపు పొట్టు తెచ్చి నేలంతా పరిచాడు. అది ఆయిలు పీల్చుకున్నాక ఊడ్చి మళ్ళీ పరిచాడు. వాసన పోయేదాకా అదే పని. తర్వాత మొరం పోసి వాలు సరిచేసి, పైన బండలు పరిచాడు. గుంతను పూడ్చలేదు. అడుగున ఇసుక పోసి రెండు మంచినీళ్ళ రంజన్లు దించి, పైన చెక్కలు కప్పాడు. ఎండాకాలంలో ఒక చెక్క లేపి చెంబు ముంచుకుని తాగితే కడుపులో చల్లగా దిగేది. మా ఇంట్లోవాళ్ళు ఫ్రిజ్జులో నీళ్ళు పెట్టడమే మానేశారు. రేకుల వేడి ఆగడానికి షామియానా గుడ్డ బిగించాడు. నిప్పు చూసినవాడు కనుక బల్బును గుడ్డకు దూరంగా గోడకే పెట్టి, వెలుగు గుడ్డ మీద పడేట్టు తిప్పాడు. ఆ ఎర్రటి వెలుగులో ఎవరిని చూసినా పెండ్లికి వచ్చినవాళ్ళలా కనిపించేవారు. మా బాపు కూడా.

అన్నీ అయ్యాక గడప. కారు చక్రాలు పోవాలి కనుక మోటరు షెడ్డుకు గడప ఉండదు. మా అక్కకు అది తట్టుకోలేని సంగతి.

"కడప లేకపోతె పసుపు ఏడ రాయాలె? ఇల్లు ఏడ మొదలైతదో ఎట్ల తెలుస్తది?" అన్నది.

బావ షాబాదు రాయి పలకలు రెండు తెచ్చి, షట్టరు దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టి సిమెంటు చేశాడు. వానాకాలం మా సందులో మోరీ పొంగుతుంది. ఒక్క పలకైతే నీళ్ళు లోపలికి దుంకుతాయని ఆయన లెక్క. శుక్రవారం నాడు అక్క పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ దాన్ని అక్కోళ్ళిల్లు అన్నారు. నేనొక్కణ్ణే షెడ్డు అనేవాణ్ణి.

ఆఫీసు నుంచి వచ్చేసరికి మా హాల్లో ఎవరూ ఉండేవారు కాదు. తలుపు అవతల నవ్వులు. ఇవతల టీవీ, నేను. నాతో "తిన్నవా", "వచ్చినవా" తప్ప మరో మాట లేని బాపు, ఒక సాయంత్రం అక్కడ తన బర్రె ఎవరి పెండ్లి పందిట్లోకో దూరిన కథ చెబుతున్నాడు. నేను పుట్టి ఇన్నేండ్లయినా ఆ కథ నాకు చెప్పలేదు. చివరికి ఏమైందో విందామని టీవీ సౌండు తగ్గించాను. సరిగ్గా అప్పుడే అందరూ గొల్లున నవ్వారు. ఆ బర్రె ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఆవిడ చిక్కుడుకాయల గంప తీసుకుని అక్కడికే పోయేది.

"మనింట్ల కూసోని వలిస్తె వలవరావా?" అన్నాను.

"వదినెతోని ముచ్చట పెట్టుకుంట చేస్తె జల్ది అయితది," అన్నది. జల్దీ అయ్యేది కాదు. వంట రోజూ ఆలస్యమే.

నా బిడ్డ ఒకనాడు నా మెడ చుట్టూ చేతులేసి అడిగింది. "డాడీ, మనం గూడ అత్తమ్మోళ్లింట్ల ఉందామా?"

బావ రోజూ తలుపు కొట్టేవాడు. "బామ్మర్దీ, చాయ్ సల్లారుతది, రా!" నేను ఏదో పని ఉన్నట్టు కూర్చునేవాణ్ణి. ఒకరోజు వెళ్ళాను. ఆయన ఎంతో సంబరంగా లేచి కుర్చీ లాగి, సీటు అదిమి, "ఆఁ, కూసో" అన్నాడు.

"నా ఇంట్ల నాకే కుర్చీ ఏస్తున్నవా బావా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను, కానీ ఆ నవ్వు ఎలాంటిదో అందరికీ తెలిసింది.

ఆయన కుర్చీని వెనక్కి తిప్పి చూపించాడు. వీపు మీద పెయింటుతో రాసిన ఆయన టెంట్ హౌస్ పేరు. సగం కాలిపోయింది.

"ఇల్లు నీదే బామ్మర్దీ. కుర్చి నాది. సూస్కో!"

బాపు పడీపడీ నవ్వాడు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కూడా నవ్వి ఉంటే అక్కడితో అయిపోయేది. తలనొప్పిగా ఉందని లేచి వచ్చేశాను. మరునాడు కూడా ఆయన తలుపు కొట్టాడు. నేను టీవీ సౌండు పెంచాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నేను కారు కొన్నాను.

నాకు డ్రైవింగు రాదు. ఆఫీసుకు స్కూటరు ఉంది. మా సందులో కారు మలుపు తిరగాలంటే రెండువైపులా ఇండ్లవాళ్ళు అరుగుల మీది సామాను తీయాలి. అయినా మా ఆఫీసులో రిటైరవుతున్న ఒకాయన తన పాత తెల్ల కారు అమ్ముతానంటే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా తీసుకున్నాను. వాళ్ళ డ్రైవరే తెచ్చి సందులో నిలబెట్టి, తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ కారు ఎందుకు కొన్నావని ఇవాళ ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు. దానికి షెడ్డు కావాలి కనుక.

"నడపరాదు గద, నీకు కారేందిరా?" అన్నాడు బాపు.

"నేర్చుకుంట."

"నేర్చుకున్నంక కొనరాదు?"

"బయట పెడితె పోరగాండ్లు గీతలు గీకుతరు. షెడ్డుల పెట్టాలె," అన్నాను. ఆ మాట బాపు వైపు చూసి అనలేదు, బావ వైపు చూసీ అనలేదు. కారు వైపు చూసి అన్నాను.

బావ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. కుర్చీని అదిమినట్టే బానెట్ మీద అరచెయ్యి పెట్టి అదిమాడు. ఈసారి "ఆఁ" అనలేదు. "ముబారక్ బామ్మర్దీ" అన్నాడు. అక్క లోపలికి వెళ్ళి నిమ్మకాయలు తెచ్చి టైర్ల కింద పెట్టింది, కొత్త బండికి దిష్టి తగలొద్దని. ఆ ఇంట్లో దిష్టి కళ్ళు ఎవరివో ఆమెకు తెలియదా?

ఆ ఆదివారమే బావ విప్పేశాడు. టెంటు విప్పినట్టే పైనుంచి కిందికి విప్పాడు. ముందు గుడ్డ, తర్వాత గుంజలు, తర్వాత కుర్చీలు, చివర జంపకాన. అన్నీ మడతపెట్టి సుతిలితో కట్టాడు. రంజన్లు పైకి తీసి గడ్డి చుట్టాడు. నా బిడ్డ పక్కనే నిలబడి ఏడుస్తుంటే, "ఫంక్షన్ అయిపోయినంక టెంటు ఇప్పాలె గద బిడ్డా. లేకుంటె ఇంకొకల పెండ్లి ఎట్లయితది?" అని నవ్వించబోయాడు. అది నవ్వలేదు.

గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతులు ఆగాయి. ఆ పొద్దున కూడా అక్క దానికి పసుపు రాసింది.

"ఇది నేను తియ్య బామ్మర్దీ," అన్నాడు. "నేను కట్టినయి మస్తు ఇప్పిన. కడప ఎన్నడు ఇప్పలె. కావాలంటె నువ్వే తీస్కో."

వాళ్ళ సామాను ఎక్కించుకుని ఫలక్‌నుమా బయలుదేరిన ట్రాలీ సందు మలుపు తిరిగాక నేను గడ్డపార తీసుకున్నాను. కూలివాణ్ణి పిలవవచ్చు. వాడు "పసుపు రాసిన కడప ఎందుకు సార్" అని అడుగుతాడేమోనని పిలవలేదు. పై పలక రెండు ముక్కలైంది. కింది పలక నిండుగా ఊడివచ్చింది. చేతులకు పసుపు అంటింది. నల్లా కింద ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో మిగిలిపోయింది. భోజనానికి కూర్చుంటే మా ఆవిడ ఆ చేతులు చూసింది. అన్నం పెట్టి, మారు అడగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

బండలు లేపించి మొరం తీయించాక పాత వాలు మళ్ళీ బయటపడింది. సందులోవాళ్ళు తలో చెయ్యి వేసి కారును లోపలికి నెట్టారు. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదు. వదిలితే షట్టరు వైపు జారిపోతోంది. అందుబాటులో ఉన్న బరువైన వస్తువు ఏదని చూస్తే ఆ నిండు పలకే కనిపించింది. వెనక టైరు కింద పెట్టాను. అక్క బొట్లు పెట్టిన రాయి ఏండ్ల తరబడి ఆ టైరు కింద ఉంది.

డ్రైవింగు నేర్చుకోలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. టైర్లు నేలకు అంటుకుపోయాయి.

బాపు మాత్రం సాయంత్రం అలవాటు మానలేదు. చాయ్ గ్లాసు పట్టుకుని హాలు తలుపు తీసి షెడ్డులోకి వెళ్ళేవాడు. కారు వెనక డోరు తెరిచి, సీట్లో కూర్చుని, ఒక్కడే తాగేవాడు. ఒకరోజు ఉండబట్టలేక నేనూ వెళ్ళి ముందు సీట్లో, స్టీరింగు దగ్గర కూర్చున్నాను.

"ఏడికి తీస్కపోతవ్?" అన్నాడు బాపు వెనక నుంచి.

నేను అద్దంలో చూశాను. ఆయన వెటకారంగా అనలేదు. బయట చూస్తున్నాడు, అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

"మీ అక్క దగ్గరికి తీస్కపో," అన్నాడు.

స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. మరునాడు ఆయనే షేర్ ఆటో ఎక్కి ఫలక్‌నుమా పోయాడు. ఆ తర్వాత పోతూనే ఉన్నాడు, కాళ్ళు ఆడినన్నాళ్ళు. బాపు పోయిననాడు మా ఇంటి ముందు షామియానా కట్టింది బావే.

అప్పటికి బావ వేరేవాళ్ళ టెంట్ హౌస్‌లో జీతానికి చేరాడు. ఏ పెండ్లికి వెళ్ళినా నిచ్చెన మీద కనిపించేవాడు. నన్ను చూడగానే పైనుంచే కేక వేసేవాడు.

"బామ్మర్దీ! కారు ఎట్లున్నది?"

"మంచిగున్నది బావా."

"తిప్పుతున్నవా?"

"ఆఁ."

నిజంగా అడుగుతున్నాడో ఎక్కిరిస్తున్నాడో నాకు అంతుపట్టేది కాదు. ఎక్కిరింపే అనుకుని కోపగించుకునేవాణ్ణి. లేదు, నిజంగానే అడుగుతున్నాడనుకుంటే ఇంకా కోపం వచ్చేది. ఏండ్ల తరబడి, ఆయన ఉంటాడనుకున్న పెండ్లిళ్ళకు ఆలస్యంగా వెళ్ళి, తిని, పక్కదారిన వచ్చేశాను.

బావ పోయినరోజు, కప్పు మీది నుంచి కళ్ళు దించుకుని ఆయన ముఖం చూశాక, బయట టెంటు కింద ఎవరో నాకు కుర్చీ వేశారు. మడత కుర్చీ. ఎవరూ అదిమి చూడలేదు. కూర్చోబోతే నా వేలు నలిగింది. అప్పుడు ఏడ్చాను. పక్కన ఉన్నవాళ్ళు బావ కోసం అనుకున్నారు. ఆయన కోసమే.

దినాలు అయిపోయాక అక్కను అడిగాను. "కారు ఎట్లున్నదని బావ ఎందుకు అడిగెటోడక్కా? నిజంగనే అడిగెటోడా, ఎక్కిరించెటోడా?"

"ఎక్కిరించెటోడు," అన్నది అక్క వెంటనే. "ఎందుకెక్కిరియ్యడు? కోపం ఉండదా? ఇంటికొచ్చి నాకు చెప్పుకుంట నవ్వెటోడు. ఇయ్యాల గూడ మొకం మాడ్చుకున్నడే నీ తమ్ముడు, అని. ఇద్దరం మస్తు నవ్వెటోల్లం."

గుండె మీది బరువు కొంత దిగినట్టయింది. ఆయనకూ కోపం ఉంది. కానీ ఆ వెంటనే, ఆ చిన్నగదిలో, ఆ ఎర్రటి గుడ్డ కింద వాళ్ళిద్దరూ నా మీద నవ్వుకుంటూ కూర్చున్న సాయంత్రాలు కళ్ళముందుకు వచ్చాయి. ఆ నవ్వులో కూడా నేను లేనని అసూయ పడ్డాను. నా బుద్ధి ఇంతే.

ఆ వారమే కారును తుక్కువాళ్ళకు ఇచ్చేశాను. అది తన చక్రాల మీద పోలేదు, గొలుసులు కట్టి ఈడ్చుకుపోయారు. టైరు కింది పలకను తీసి కొబ్బరిపీచుతో రుద్దాను. నల్లటి రబ్బరు మరక మొత్తం పోలేదు. మేస్త్రీని అడిగి ఇసుక ఎంత, సిమెంటు ఎంత తెలుసుకుని, నా చేతులతోనే షట్టరు దగ్గర గడప పెట్టాను. కొంచెం వంకర వచ్చింది. పీకి మళ్ళీ పెట్టాను. తర్వాత ఫలక్‌నుమా వెళ్ళి అక్కను పిలుచుకుని వచ్చాను.

ఆటో దిగి అక్క షట్టరు ముందు నిలబడింది. ముందు తల ఎత్తి కప్పు చూసింది. ఉత్త రేకులు. తర్వాత కిందికి చూసింది.

"ఒక్కటే పెట్టినవ్."

"ఇంకోటి పగిలింది."

"ఎట్ల పగిలింది?"

"నేనే పగలగొట్టిన. గడ్డపారతోని." ఆ మాట అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

అక్క కాసేపు ఆ రాయినే చూసింది.

"ఈడ ఉంటవా అక్కా?" అన్నాను. "మీది గది గూడ ఉన్నది. నీకు ఏది కావాలంటె అది."

"వానకు నీళ్లు లోపటికి దుంకుతయి," అన్నది. "ముందు అది చూడు. నేను వచ్చుడు రాకపోవుడు తర్వాతి ముచ్చట."

హాల్లోంచి కుర్చీ తెచ్చాను. వేసేముందు నా చెయ్యి దానంతటదే సీటును అదిమింది. అక్క నా చేతివైపు చూసింది. కుర్చీని గడప ఇవతలికి, సందులోకి లాక్కుని కూర్చుంది. మా ఆవిడ చాయ్ తెస్తే అక్కడే తాగింది. లోపలికి అడుగు పెట్టలేదు. గ్లాసు నా చేతికి ఇచ్చి ఆటో ఎక్కింది.

మరునాడు పొద్దున్నే రాళ్ళ దుకాణానికి వెళ్ళి అదే వెడల్పుది ఇంకో షాబాదు పలక తెచ్చి, మొదటి దాని మీద పెట్టాను. సిమెంటు పట్టేదాకా రోజూ నీళ్ళు చల్లి తడిపాను. ఆ తర్వాత పెద్దవాన పడింది. మోరీ పొంగింది. నీళ్ళు రెండో పలక అంచుదాకా వచ్చి ఆగిపోయాయి. ఆ సంగతి చెప్పడానికి తడుస్తూనే ఫలక్‌నుమా వెళ్ళాను.

గడపకు పసుపు నేను రాయలేదు, మా ఆవిడనూ రాయనివ్వలేదు. పసుపు డబ్బా మాత్రం షట్టరు పక్క గూట్లో పెట్టి ఉంచాను.